వెలిగిన పోగులు

గూడ్సు రైలు జమ్మికుంట దాటి పావుగంట అయింది. ముందు సిగ్నల్ పసుపు. స్వరూప దాన్ని చూసింది. పసుపని ఆమెకు తెలుసు. కనబడిన ప్రతి సిగ్నల్‌నీ రైలు నడిపేవాళ్ళు పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు దాన్ని తిరిగి చెప్పాలి. పదకొండేళ్ళుగా ఆమె రోజుకు వందసార్లు చేస్తున్న పని. ఆ పొద్దున నోరు తెరిచింది కానీ మాట రాలేదు. ఎడమ చెయ్యి బ్రేకు మీదే ఉంది. అదీ కదల్లేదు.

"మేడం, ఎల్లో! ఎల్లో మేడం!" అని అసిస్టెంటు అరిచాడు.

అప్పుడు కదిలింది చెయ్యి. రైలు వేగం తగ్గింది. ప్రమాదమేమీ జరగలేదు. తర్వాతి స్టేషన్లో బండి ఆగగానే స్వరూప దిగి, స్టేషన్ మాస్టర్ గదిలోకి నడిచి వెళ్ళింది.

"నన్ను దింపున్రి సార్. నేను నడపలేను. ఇంకొకర్ని పంపియ్యున్రి," అంది.

తనంత తానే బండి దిగిపోయిన డ్రైవర్ని ఆ స్టేషన్ మాస్టర్ అదే మొదటిసారి చూడటం.

దానికి రెండు నెలల ముందు, జనగామలో పెళ్ళి చూసుకుని కాజీపేటకు తిరిగి వస్తుంటే వాళ్ళ కారును వెనకనుంచి లారీ ఢీకొట్టింది. కారు నడుపుతున్నది ఆమె భర్త సదానందం. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. కూతురు స్పందన ఆ రోజు పరీక్ష ఉందని అమ్మమ్మ దగ్గరే ఉండిపోయింది. లారీ ఆగకుండా వెళ్ళిపోయింది. స్వరూప ఒంటి మీద గీత కూడా పడలేదు. కళ్ళు తెరిచేసరికి తను రోడ్డు పక్కన గడ్డి మీద పడుకుని ఉంది, మొహమంతా నీళ్ళు. "నిద్రల ఉంటివి, బెదిరినవ్, గంతే," అన్నాడు సదానందం. ఆమె నమ్మింది.

మూడు వారాల సెలవు తర్వాత డ్యూటీలో చేరింది. అప్పటికే ఇంట్లో చిన్న చిన్న తేడాలు మొదలయ్యాయి. కుక్కర్ విజిల్ వేస్తే పళ్ళలో గుచ్చినట్టుండేది. ట్యూబులైటు కింద కూర్చోలేకపోయేది. గరిటె, చాట, దువ్వెన లాంటి పేర్లు నాలుక దాకా వచ్చి వెనక్కి పోయేవి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే పిండిమర పక్కన నిలబడ్డట్టుండేది. అలసట అనుకుంది. ఆ పసుపు సిగ్నల్ దాకా అలసటే అనుకుంది.

హనుమకొండలో పేరున్న నరాల డాక్టరు ముందు భార్యాభర్తలిద్దరూ కూర్చున్నారు.

"యాక్సిడెంట్ ఎట్ల జరిగింది?"

"నాకు సరిగ్గ గుర్తు లేదు సార్. నిద్రల ఉన్న," అంది స్వరూప.

సదానందం అందుకున్నాడు. "పెద్ద దెబ్బేం కాదు సార్. మెల్లగనే పోతున్నం, ముప్పై నలభైల. లారీ కొద్దిగ తాకింది. డిక్కీ సొట్టబోయింది."

"స్పృహ తప్పిందా?"

"లేదు సార్. వెంటనే లేచి కూసుంది."

డాక్టరు రాసుకున్నాడు. స్వల్ప తాకిడి, స్పృహ కోల్పోలేదు.

అది అబద్ధం. కారు అప్పుడు తొంభై దాటి పోతోంది. పెళ్ళి ఫొటోలు వస్తుంటే సదానందం ఫోన్లోకి చూస్తున్నాడు. తలెత్తేసరికి ముందు ట్రాక్టరు. గట్టిగా బ్రేకు తొక్కాడు. వెనక లారీ ఆగలేకపోయింది. స్వరూప తల సీటుకూ, ముందుకూ, పక్క అద్దానికీ ఊగి వాలిపోయింది. ఆమెను బయటికి లాగి, నీళ్ళు కొట్టి, పేరు పెట్టి పిలుస్తూ ఆరు నిమిషాలు కూర్చున్నాడు. ఆమె కళ్ళు తెరిచాక అతనికి వచ్చిన మొదటి ఆలోచన, ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదని. తర్వాత చెబుదామనుకుంటే అప్పటికే డాక్టరు రాసేశాడు.

ఎమ్మారై తీశారు. ఏమీ లేదు. రెండోసారి తీశారు. ఏమీ లేదు. వరంగల్‌లో ఒకాయన మెడ ఎముక అన్నాడు. ఇంకొకాయన విటమిన్ తక్కువన్నాడు. చెవి డాక్టరు చెవి బాగుందన్నాడు. మనోవైద్యుడు నిద్రమాత్రలిచ్చాడు. అవి వేసుకుంటే పగలూ నిద్రే కానీ మాట మాత్రం ఆలస్యంగానే వచ్చేది. ప్రతి డాక్టరూ ఆమె ఫైలు తెరిచేవాడు, మొదటి పేజీలో మొదటి వాక్యం చదివేవాడు, ఆ తర్వాత ఆమె చెప్పేదాన్ని సగం చెవితో వినేవాడు.

"రిపోర్టులన్ని మంచిగున్నయ్ గద. నువ్వే మనసుల పెట్టుకుంటున్నవ్," అనేవాడు సదానందం. తిట్టినట్టు కాదు, బతిమాలినట్టు అనేవాడు. ఆమెకు ఏమీ కాలేదని ఆమెకంటే అతనికి ఎక్కువ కావాలి.

"మనసుల పెట్టుకుంటే చెయ్యి లేటైతదా? పిల్ల పేరు మర్చిపోతనా నేను?"

ఒకరోజు నిజంగానే కూతురి పేరు రాలేదు. తొమ్మిదేళ్ళ స్పందన బడి సంచితో గుమ్మంలో నిలబడి, అమ్మ తన వంక చూస్తూ పెదవులు కదపడం చూసింది. "స్పందనను మమ్మీ," అని తనే అందించింది. అప్పట్నుంచి గదిలోకి ఎప్పుడొచ్చినా ముందు తన పేరు చెప్పి వచ్చేది.

రైల్వే మెడికల్ బోర్డు మూడుసార్లు పరీక్షించింది. మూడోసారి ముగ్గురు డాక్టర్లూ ఒకే మాట అన్నారు. యంత్రాల్లో ఏమీ కనబడలేదు కాబట్టి ఏమీ లేదు, రెండు నెలల్లోగా డ్యూటీలో చేరాలి.

"నా ఎనక యాభై ఎనిమిది వాగన్ల బొగ్గుంటది సార్," అంది స్వరూప. "నా ముంగట గేటు కాడ మనుషులుంటరు. నాకు ఆలస్యమైతున్నదని నేనే చెప్తున్న. ఇంకెవరు చెప్పాలె?"

"నోటిమాట మీద మేమేం రాయగలమమ్మా? ఏదన్నా రుజువు తెచ్చుకో," అన్నాడు ముగ్గురిలో పెద్దాయన.

ఆ రుజువు కోసమే ఆమె సదానందాన్ని వెంటబెట్టుకుని హైదరాబాద్ వెళ్ళింది.

అక్కడొక పరిశోధనశాలలో డాక్టర్ వసుంధర అనే నెల్లూరామె తొమ్మిదేళ్ళుగా ఒకే పదార్థం మీద పనిచేస్తోంది. దానికి పుస్తకాల్లో పొడవాటి పేరుంది కానీ అక్కడివాళ్ళంతా మిణుగురు అనేవాళ్ళు. మెదడులోని నాడీపోగు చిట్లితే ఆ చిట్లిన చోట ఒక మాంసకృత్తు బయటికి కారుతుంది. నరంలోకి ఎక్కించిన మిణుగురు రక్తంతో మెదడుకు చేరి, వెతుక్కుంటూ వెళ్ళి ఆ చోటునే పట్టుకుని మెరుస్తుంది. తలకు పెట్టే తొడుగులోని కళ్ళు ఆ మెరుపును లెక్కపెడతాయి.

"ఎమ్మారైలో ఎందుకు కనబడలేదు మేడం?"

"అది తాడును చూస్తుందమ్మా. తాడులో ఒక్కొక్క నూలు పోగునూ చూడలేదు."

స్వరూప తలూపింది. "పట్టా లెక్క. పైనుంచి చూస్తె మంచిగనే ఉంటది. పగులు లోపల్నే ఉంటది. బండెక్కితెనే తెలుస్తది."

వసుంధర నవ్వింది. "నేను తొమ్మిదేళ్ళుగా ఇంత తేలిగ్గా ఎవరికీ చెప్పలేకపోయాను."

మనుషుల మీద ప్రయోగం మొదలై అప్పటికి నెల కూడా కాలేదు. స్వరూప తొమ్మిదో మనిషి. కాగితాలన్నీ చదివి సంతకం పెట్టింది. మోచేతి నరంలోకి ఇంజక్షన్ ఎక్కించారు. మర్నాడు పొద్దున తొడుగు పెట్టి కదలకుండా కూర్చోబెట్టారు. తెర మీద నల్లటి మెదడు ఆకారం. కాసేపు ఏమీ లేదు. స్వరూప కళ్ళు మూసుకుంది. ఇందులోనూ ఏమీ లేకపోతే ఇక తను పిచ్చిదే అనుకుంది.

"కళ్ళు తెరవండి స్వరూపగారూ."

ఎడమ చెవికి పైన, లోపలగా, పచ్చటి చుక్కలు. పది కాదు, వంద కాదు. ఒకదాని వెనక ఒకటి గీతలుగా, గీతలు గుత్తిగా. చేతికి సంబంధించిన చోట ఇంకొన్ని.

"ఉన్నయ్ గద!" అంది స్వరూప. పది నెలల తర్వాత ఆమె గట్టిగా నవ్వడం అదే. నవ్వుతూనే ఏడ్చింది. "ఉన్నయ్ గద మేడం! నేను చెప్పిన గద!"

వసుంధర తెరవైపు చూస్తూ అంది. "ఇది చిన్న దెబ్బకు వచ్చేది కాదు. తల చాలా వేగంగా ఊగి ఉండాలి. కొన్ని నిమిషాలన్నా స్పృహ పోయి ఉండాలి. ఏం సార్?"

సదానందం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నాకు తెల్వదు మేడం," అని బయటికి వెళ్ళిపోయాడు.

మూడు వారాల తర్వాత వసుంధరకు ఖమ్మం నుంచి ఫోన్ వచ్చింది. ప్రయోగంలో మొదటి మనిషి భార్య. "మా ఆయన చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నాడమ్మా. నిన్నటిదాకా మెల్లగా పెట్టుకునేవాడు. ఇవాళ అసలు వేళ్ళు మాట వినట్లేదు." రెండు రోజులకు రెండో మనిషి ఇంటినుంచి. అతనికి ఎడమవైపు ఉన్నవేవీ కనబడటం లేదు. వసుంధర ఇద్దరి చిత్రాలూ తీసి చూసింది. ఏ పోగులు వెలిగాయో ఆ పనులే ఆగిపోయాయి. తేదీలు లెక్కపెట్టింది. ఇద్దరికీ నలభయ్యో రోజు.

ఎలుకల రిజిస్టరు తెప్పించింది. మందు విషమో కాదో చూడటానికి ఆరోగ్యంగా ఉన్న ఎలుకలకు ఎక్కించి ఏడాది చూశారు. ఏమీ కాలేదు. తలకు దెబ్బ తగిలించిన ఎలుకల్ని మాత్రం, మెదడు కోసి మెరుపు చూడాలి కాబట్టి, ఏడో రోజే చంపేశారు. తొమ్మిదేళ్ళలో నాలుగు వందల ఎలుకలు. దెబ్బతిన్న మెదడుతో, మిణుగురుతో, నలభయ్యో రోజు దాకా బతికిన ఎలుక ఒక్కటీ లేదు. చిట్లిన పోగు కుంటుతూనైనా పనిచేస్తుంది. మిణుగురు ఆ చిట్లిన నోటినే పట్టుకుని వదలదు. పోగు మూసుకోలేక మెల్లగా ఎండిపోతుంది.

కమిటీ కూర్చునేదాకా ఎవరికీ చెప్పవద్దని పైవాళ్ళు అన్నారు. వసుంధర ఆ మధ్యాహ్నమే ప్రయోగం ఆపేసి, మందు ఎక్కించుకున్న పద్నాలుగు మందికీ తనే వెళ్ళి చెప్పడం మొదలుపెట్టింది.

కాజీపేట రైల్వే క్వార్టర్లో స్వరూప టీ కప్పు ఇచ్చింది. వసుంధర తాగలేదు. చెప్పాల్సిందంతా నేలవంక చూస్తూ చెప్పింది.

"ఎన్ని రోజులున్నయ్ మేడం?"

"మీకు ఇవాళ్టికి ఇరవై ఆరు."

"అంటె పద్నాలుగు. ఏం పోతది?"

"చెయ్యి ఇంకా బరువెక్కుతుంది. మాటలు... శబ్దం వినబడుతుంది. మాటగా అర్థం కాదు. చదవగలరు, మాట్లాడగలరు అనుకుంటున్నాను."

"ఆపేటందుకు మందు లేదా?"

"లేదమ్మా."

వసుంధర తాగని టీ కప్పును స్వరూప పక్కకు జరిపింది. తర్వాత అంది. "తెగింది తెగినట్టె నడుస్తుండె మేడం. లేటుగనన్న వస్తుండె. నా దగ్గర ఉన్నదె గంత."

వసుంధర రెండు చేతులతో మొహం కప్పుకుంది. స్వరూప ఆమెను ఓదార్చలేదు.

ఆ పద్నాలుగు రోజులూ స్వరూప మనుషులతో మాట్లాడించుకుంది. తల్లిని పిలిపించుకుని చిన్నప్పటి సంగతులు చెప్పించుకుంది. ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకునేది, ఇద్దరైతే ఆమెకు అందదు. స్పందన బడినుంచి రాగానే పాఠాలు పైకి చదివేది. భూగోళం, సైన్సు, ఏదైనా సరే. "ఇంక చదువు," అనేది స్వరూప. ఆ పిల్ల గొంతు బొంగురుపోయేదాకా చదివేది. వాళ్ళిద్దరూ ఒక నోటుపుస్తకం కొనుక్కుని, రాసి మాట్లాడుకోవడం కూడా అలవాటు చేసుకున్నారు.

సదానందం మాత్రం ఇంట్లో తప్పించుకు తిరిగాడు. కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చేవాడు. ముప్పై ఆరో రోజు ఆదివారం. స్పందన బయట ఆడుకుంటోంది. స్వరూప వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అతను వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నీకొకటి చెప్పాలె," అన్నాడు. చెప్పాడు. తొంభై వేగం, ఫోను, ట్రాక్టరు, ఆరు నిమిషాలు. గడ్డి మీద ఆమె తల తన ఒడిలో ఎంత బరువుగా ఉందో కూడా చెప్పాడు.

స్వరూప చేతిలోని కాయ గిన్నెలో వేసింది.

"గా మాట మొదటి డాక్టరుకు చెప్తె ఏమైతుండె?"

"రాసుకునేటోడు."

"ఫైలు మీద అదే ఉంటుండె."

"ఉంటుండె."

"నేను గా సూది ఏపిచ్చుకునేదాన్ని గాదు."

బయట పిల్లలు అరుస్తున్నారు. "నాకు భయమైంది స్వరూపా," అన్నాడు చివరికి. "మీ అన్నలేమంటరో అని. నువ్వేమంటవో అని. తర్వాత రోజురోజుకు ఇంకింత భయమైంది."

"నేను పది నెలలు పిచ్చిదాన్ననుకున్న," అంది ఆమె. గొంతు పెంచలేదు. "నువ్వు పక్కన్నే కూసోని, నాకేం కాలేదని చెప్పినవ్. నీకు తెల్సి చెప్పినవ్."

ఈనెలు తీయడం పూర్తిచేసింది. లేచి చెయ్యి కడుక్కుని అంది. "ఎల్లుండి బోర్డు ఉంది. నాకు చెప్పినట్టె వాళ్ళకు చెప్పు. ఒక్క ముక్క గూడ ఇడువకు."

అతను చెప్పాడు. ముగ్గురు డాక్టర్ల ముందు నిలబడి, క్లాసులో పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టి, మధ్యలో ఆ గొంతు పోయి, చివరిదాకా చెప్పాడు. బోర్డు మిణుగురు చిత్రం కూడా చూసింది. రైలు నడపడానికి శాశ్వతంగా పనికిరాదని రాసింది.

"ఈ మాట మొదట్నుంచీ ఫైల్లో ఉంటే మేమింత దూరం రానిచ్చేవాళ్ళం కాదమ్మా," అన్నాడు పెద్దాయన.

స్వరూప మాటలు కూడబలుక్కుంటూ అంది. "నా మాట ఉండె గద సార్. మూడుసార్లు చెప్పిన. ఇంక నాలెక్క చానమంది వస్తరు. ఈ సూది ఇప్పుడు ఎవరికి ఎయ్యరు. వాళ్ళ దగ్గర బొమ్మ ఉండదు. నోటిమాటె ఉంటది. వినున్రి."

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

నలభయ్యో రోజు మామూలుగానే గడిచింది. నలభై ఒకటో రోజు పొద్దున స్పందన గదిలోకి వచ్చి ఏదో అంది. స్వరూపకు కూతురి గొంతు వినిపించింది. ఎక్కడ పైకి లేస్తుందో, ఎక్కడ కిందికి దిగుతుందో, అంతా తెలిసిన గొంతే. అందులో మాట లేదు. పిల్ల మళ్ళీ అంది. మళ్ళీ. తర్వాత నోటుపుస్తకం తెచ్చి రాసింది. "స్పందనను మమ్మీ."

"తెలుసు బిడ్డా," అంది స్వరూప. తన మాట కూడా తనకు వింత శబ్దంలాగే వినిపించింది.

సదానందం ముందుగదిలో పడుకుంటున్నాడు. వంట అతనే చేస్తున్నాడు. క్షమించానని ఆమె అనలేదు. అతను అడగలేదు.

ఆ వారంలోనే వసుంధర మళ్ళీ వచ్చింది. పరిశోధనశాల నుంచి తనను తప్పించారని పుస్తకంలో రాసింది. ఆ కింద ఇంకేదో రాసి కొట్టేసి, మళ్ళీ రాసి కొట్టేసింది. స్వరూప పుస్తకం లాక్కుంది.

"మిగిలినోళ్ళ సంగతేంది?"

వసుంధర రాసింది. పదకొండు మందికి అయిపోయింది. ఇద్దరు తలుపు తియ్యట్లేదు. జగిత్యాలలో గంగారాం అని దర్జీ ఉన్నాడు. అందరికంటే ఆఖరున వేసింది అతనికే. పోయేది కుడిచెయ్యి. ఇంకా తొమ్మిది రోజులు. చెప్పినప్పట్నుంచీ మంచం దిగట్లేదట.

"పదున్రి, పోదాం," అంది స్వరూప.

వెళ్ళారు. బస్సులో జనం మాటలన్నీ వానచప్పుడులా ఉన్నాయి. గంగారాం ఇల్లు బజారు వెనక సందులో. యాభై ఏళ్ళవాడు. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గదిలో మూల కుట్టుమిషను, దాని మీద దుప్పటి కప్పి ఉంది. అతని భార్య కుర్చీ వేసి ఏదో అంది. స్వరూపకు అందలేదు.

ఆమె మంచం పక్కన కూర్చుంది.

"అన్నా, నాది స్వరూప. కాజీపేట. నాకు గూడ గదే సూది. నాది అయిపోయింది. నువ్వేమన్నా నాకు తెల్వదు, అందుకె నేనే చెప్తున్న," అంది. మాటల మధ్య ఆగుతూ, వెతుక్కుంటూ చెప్పింది. "నాకు పద్నాలుగు దినాలుండె. గా దినాలల్ల నేను వినాల్సినయి విన్న. చెడ్డది గూడ విన్న. వినకపోతె ఇప్పుడు ఇంక ఎన్నటికి వినకపోతుంటి. నీకు తొమ్మిదున్నయ్. పండుకుంటె గూడ పోతయ్. కుట్టాల్సింది ఏమన్న ఉంటె ఇప్పుడె కుట్టు."

గంగారాం ఇటు తిరిగాడు. మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. కోపంగా మొదలుపెట్టాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, చేతిని ఎత్తి ఆమె మొహం ముందు ఆడించాడు. వసుంధర రాయబోతే స్వరూప వద్దని ఆపింది. అతని పెదవులు కదలడం ఆగేదాకా అతని వంకే చూస్తూ కూర్చుంది.

అతను లేచాడు. దుప్పటి తీశాడు. అలమారలోంచి మడత పెట్టిన నీలం గుడ్డ తెచ్చి, భార్యను పిలిచి, టేపు ఆమె భుజానికి పట్టి కొలత తీసుకున్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. కత్తెర పట్టేటప్పుడు చెయ్యి రెండుసార్లు జారింది. మూడోసారి గుడ్డ తెగింది.

మిషను తిరగడం మొదలైంది. ఆ చప్పుడు మాత్రం స్వరూపకు, అందరికీ వినబడినట్టే, టకటకా స్పష్టంగా వినబడింది. ఆ రైక పూర్తయ్యేదాకా ఆమె అక్కడే కూర్చుంది.